గాజులు తీసేసి చేసే ఉద్యోగం

మొన్న ఆదివారం పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మేనకోడలు వచ్చి తలుపు కొట్టింది. డిగ్రీ సెకండ్ ఇయర్‌లో ఆపేసిందంట, ఊళ్ళో ఖాళీగా ఉండలేక హైదరాబాద్‌లో నిజాంపేట వచ్చేసింది, ఇక్కడ ఒక బట్టల షాపులో రోజుకి పది గంటలు నిలబడితే నెలకి పదకొండు వేలు ఇస్తున్నారు. "అక్కా, మీరు చేసే పని నేను గూడ నేర్చుకుంటా, నెలకెంతొస్తది?" అని డైరెక్ట్‌గా అడిగేసింది. కూర్చోమన్నా, టీ ఇచ్చా, చెప్పడం మొదలుపెట్టా, గంటన్నరైనా అవ్వలేదు. ఆ పిల్ల వెళ్ళాక అనిపించింది ఇదంతా ఎక్కడో ఒకచోట రాసి పెట్టుకుంటే బాగుంటుంది కదా అని. ఒక వరసలో ఉండదు, గుర్తొచ్చినట్టు రాస్తున్నా, ఏమనుకోకండి.

నేను మసాజ్ థెరపిస్ట్‌ని. ఆడవాళ్ళకి మాత్రమే చేస్తా, ఇళ్ళకెళ్ళి చేస్తా. ఈ రెండు ముక్కలూ ముందే ఎందుకు చెప్పానంటే, మొదటి వాక్యం వినగానే జనం మొహంలో ఒక మార్పు వస్తుంది చూడండి, అది పోవాలంటే తర్వాతి రెండూ వెంటనే అందించాలి, అలవాటైపోయింది.

మాది కడియం దగ్గర ఒక ఊరు. నర్సరీల ఊళ్ళు, ఎటు చూసినా మొక్కలే. మా అమ్మమ్మ ఆ చుట్టుపక్కల పురుడొచ్చిన ఇళ్ళకెళ్ళి బిడ్డకి లాల పోసేది, బాలింతకి ఒళ్ళు పట్టేది. నేను స్కూలు లేని రోజు సాంబ్రాణి గిన్నె పట్టుకుని వెనకాలే తిరిగేదాన్ని. పీట మీద కూర్చుని చీర మోకాళ్ళ పైకి లాక్కుని కాళ్ళు బారజాపి, ఆ కాళ్ళ మీద బిడ్డని బోర్లా వేసుకునేది. మోచెయ్యి ముంచి నీళ్ళ వేడి చూసేది, చెయ్యి కాదు మోచెయ్యే, ఎందుకంటే పని చేసి చేసి అరచెయ్యి కాయలు కాసిపోయి వేడి తెలీదనేది. నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి వీపంతా రాసి, కుడి చెయ్యి ఎడమ కాలు కలిపి, ఎడమ చెయ్యి కుడి కాలు కలిపి, ముక్కు దిద్ది, తల గుండ్రంగా రావాలని నెమ్మదిగా నిమిరి, సున్నిపిండితో నలుగు పెట్టేది. బిడ్డ ఊరంతా వినపడేలా ఏడ్చి, నీళ్ళు పోసి తుడిచేసరికి అక్కడికక్కడే నిద్రపోయేది. చెవుల్లో ముక్కులో కూడా నూనె చుక్క వేసేది, అది మాత్రం నేను చెయ్యను, పిల్లల డాక్టర్లు ఒద్దంటారు, ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. ఇప్పటికీ ఈ విషయం మీద అమ్మమ్మకీ నాకూ పడదు.

ఆవిడకి ఇచ్చేది ఏముంది, బియ్యం, కొబ్బరికాయ, ఒక చీర, ఎవరైనా కాస్త కలిగినోళ్ళయితే డబ్బులు. దాన్ని ఉద్యోగం అని ఎవరూ అనలేదు, ఆవిడ కూడా అనుకోలేదు.

నేను ఇంటర్ అయ్యాక రాజమండ్రిలో ఒక ఆయుర్వేదం డాక్టరు గారి దగ్గర రిసెప్షన్‌లో చేరాను. ఆయన కేరళలో చదువుకున్నారు. ఒకరోజు వాళ్ళ అమ్మగారికి నడుం పట్టేస్తే నేను కాస్త నూనె రాసి పట్టాను, అదేదో పెద్ద విద్య అనుకుని కాదు, అమ్మమ్మ చేసేది చూశా కదా. ఆయన చూసి నీ చెయ్యి బాగుందమ్మా, ఏడాది కోర్సు ఉంటుంది, పంచకర్మ థెరపిస్ట్ అని, అంటే ఆయుర్వేదంలో ఒంటిని శుద్ధి చేసే చికిత్సలు చేసేవాళ్ళు, వెళ్తావా అన్నారు. ఇంట్లో నాన్న ససేమిరా అన్నాడు, అమ్మమ్మ మాత్రం "నేను చేసిన పనికి సర్టిఫికెట్టు ఇస్తారా? పోయి తెచ్చుకో" అంది.

2011 జూన్‌లో రాజమండ్రిలో బొకారో రైలు ఎక్కి త్రిస్సూర్‌లో దిగాను. అక్కణ్ణుంచి బస్సులో చెరుతురుత్తి. భారతప్పుళ నదికి ఇవతల ఒడ్డున ఆ ఊరు, అవతల ఒడ్డున షొరనూర్ జంక్షన్. మలయాళ కవి వళ్లత్తోల్ నారాయణ మేనన్ 1930లో మొదలుపెట్టిన, కథాకళి నేర్పే కేరళ కళామండలం ఉన్నది అక్కడే, సెంట్రల్ గవర్నమెంట్ వాళ్ళ పంచకర్మ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నదీ అక్కడే. మాది వాటి పక్కనుండే ఒక చిన్న ప్రైవేట్ స్కూలు, ఇరవై మందిమి. ఆ వానలు నేను మన గోదావరి జిల్లాల్లో కూడా చూళ్ళేదు, బట్టలు వారం రోజులకీ ఆరవు, పైగా అన్నిటికీ నూనె వాసన.

అక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. కథాకళి నేర్చుకునే పిల్లలకి వానాకాలంలో తెల్లారకముందే ఒళ్ళంతా నూనె రాసి, కసరత్తు చేయించి, నేల మీద పడుకోబెట్టి గురువులు కాళ్ళతో మర్దన చేస్తారు. చేతుల్తో పైన ఒక కర్ర పట్టుకుని, బరువంతా పిల్లాడి మీద పడకుండా చూసుకుంటూ, పాదంతో నడుం తొడలు తొక్కుతారు. ఒళ్ళు విల్లులా వంగాలంటే అలా చెయ్యాల్సిందే అంట. మగపిల్లలు సాధన చేసే కళరిలోకి మమ్మల్ని ఎవరు రానిస్తారు, నేను కళ్ళతో చూళ్ళేదు, మా సార్ బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. గురువు కాలు శిష్యుడి మీద పెట్టడం అంటే మనకి ఎలా ఉంటుంది, ఆశీర్వాదంలా ఉంటుంది కదా, అదే కాలు ఇక్కడ మందు. ఆ క్లాసు అయ్యాక నాకు ఈ పని మీద ఉన్న సిగ్గు సగం పోయింది.

మొదటి నెలంతా మనిషిని ముట్టుకోనివ్వలేదు. గుడ్డలు కొలత ప్రకారం చింపడం, మూటలు కట్టడం, నూనె గిన్నెని వేడినీళ్ళ గిన్నెలో పెట్టి వేడి చెయ్యడం, డైరెక్ట్‌గా పొయ్యి మీద పెడితే తిట్లు. నవరకిళి అని ఒకటుంది, అరవై రోజుల్లో పండే ఎర్ర బియ్యాన్ని పాలల్లో, కురుంతొట్టి అనే మొక్క వేళ్ళ కషాయంలో ఉడికించి, ఆ ముద్దని గుడ్డలో మూట కట్టి, మిగిలిన పాల కషాయంలో ముంచుకుంటూ ఒళ్ళంతా రుద్దాలి. రెండు మూటలు చేతిలో ఉంటే ఇంకో రెండు గిన్నెలో వేడెక్కుతూ ఉంటాయి. అటొకరు ఇటొకరు నిలబడి ఒకే స్పీడులో ఒకే ఒత్తిడితో చెయ్యాలి, ఎడమ వైపు ఒకలా కుడి వైపు ఒకలా ఉంటే పేషెంటుకి వెంటనే తెలిసిపోతుంది. నా జోడీ కాసర్‌గోడ్ అమ్మాయి, దానికి తెలుగు రాదు నాకు మలయాళం రాదు, మొదట్లో ఊపిరి చూసుకుని చేసేవాళ్ళం, అది గాలి పీల్చినప్పుడు నేనూ పీల్చేదాన్ని. తర్వాత తర్వాత భాష వచ్చేసింది, ముందు వచ్చిన మాటలు మాత్రం తిట్లే.

పైన పేరులో గాజులు అన్నా కదా, ఆ సంగతి చెప్తా. మొదటిరోజే మా మేడమ్ అందరి చేతులూ చూసి గోళ్ళు కత్తిరించమంది, ఉంగరాలు, వాచీలు, గాజులు తీసేయమంది. అప్పటికి పెళ్ళి కాలేదు కాబట్టి నాకేం అనిపించలేదు. పెళ్ళయ్యాక వచ్చింది అసలు గొడవ. మట్టిగాజులు వేసుకుని ఎవరి వీపు మీదైనా చెయ్యి వేస్తే గీరుకుంటుంది, పగిలితే గుచ్చుకుంటుంది, నల్లపూసలూ మంగళసూత్రం వంగినప్పుడల్లా వేలాడి పేషెంట్ మెడ మీద పడతాయి. సూత్రం జాకెట్ లోపలికి దోపుకుని పిన్ను పెట్టుకుంటా, గాజులు డబ్బాలో పెట్టి బయల్దేరతా. మా అత్తయ్య గారు మొదట్లో "ముత్తైదువ్వి, బోసి చేతుల్తో గడప దాటుతున్నావ్" అని ఏడ్చినంత పని చేశారు. ఇప్పుడు లిఫ్ట్‌లో వేసుకుంటా లిఫ్ట్‌లో తీస్తా, ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు, ఇద్దరం మాట్లాడుకోం.

2012లో హైదరాబాద్ వచ్చి ఒక స్పాలో చేరాను. పేరు రాయను. బోర్డు మీద థాయ్ అని ఉండేది, లోపల మిజోరాం నుంచి ఇద్దరు, మణిపూర్ నుంచి ఒకరు, నేనూ, ఒక్కళ్ళం కూడా థాయ్‌లాండ్ విమానం కూడా ఎక్కినోళ్ళం కాదు. మిజోరాం అమ్మాయి చాలా బాగా చేసేది, దాన్ని చూసి కస్టమర్లు "యూ ఫ్రమ్ థాయ్‌లాండ్?" అంటే మేనేజరు అవునని చెప్పమనేవాడు. అది ఒక్కసారి కూడా చెప్పలేదు, ఐజాల్ అని చెప్పేది, వాళ్ళకి ఐజాల్ ఎక్కడో తెలీక ఊరుకునేవాళ్ళు. థాయ్ మసాజ్‌కి ఎంత పద్ధతి ఉందో నాకు తర్వాత తెలిసింది, బ్యాంకాక్‌లో వాట్ ఫో అనే గుళ్ళో రాతి మీద ఒంట్లో ఎక్కడెక్కడ నొక్కాలో చూపించే గీతల బొమ్మలు చెక్కించి పెట్టారు, అక్కడే స్కూలు కూడా ఉంది, 2019లో యునెస్కో వాళ్ళు ఆ విద్యని వారసత్వ జాబితాలో కూడా చేర్చారు. అంత పద్ధతున్న విద్యని పెట్టుకుని మా మేనేజరు నేర్పింది ఒకటే, నవ్వుతూ ఆయిల్ అప్‌గ్రేడ్ అమ్మడం.

జీతం తొమ్మిది వేలు, టిప్స్ వేరే. రోజుకి ఆరు, వీకెండ్ అయితే ఎనిమిది సెషన్లు. లెక్కేసుకోండి, రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు బొటనవేళ్ళతో నొక్కుతున్నా. మధ్యలో పక్క వీధిలో ఒక చోట పోలీసులు రైడ్ చేశారు, టీవీలో మొహాలకి గుడ్డలు కప్పుకున్న అమ్మాయిల్ని చూపించారు, ఆ రాత్రే మా హాస్టల్ ఆంటీ నన్ను పిలిచి రూమ్ ఖాళీ చెయ్యమంది. నేను పని చేసే చోటు వేరే ఆంటీ అన్నా, అక్కడ ఆడవాళ్ళకి ఆడవాళ్ళే చేస్తారు అన్నా, సర్టిఫికెట్ చూపించా. "నువ్వు మంచిదానివేనమ్మా, కానీ" అంది. ఆ కానీ తర్వాత ఏమీ లేదు, అక్కడే ఆపేసింది.

రెండేళ్ళకి నా కుడి బొటనవేలు మొదట్లో, మణికట్టు దగ్గర జాయింట్ ఉంటుంది చూడండి, అక్కడ నొప్పి మొదలైంది. ముందు పట్టించుకోలేదు. ఒకరోజు మాగాయ సీసా మూత రాలేదు. నెలకి నూట యాభై మంది ఒళ్ళు నొప్పులు తీసేదాన్ని, ఆవకాయ కాదు మాగాయే, కొత్త సీసా కూడా కాదు, మూత తిప్పలేక పక్క రూమ్ అమ్మాయిని పిలిచా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ వేలే పోతే నా దగ్గర ఇంకేముంది అనిపించింది.

మా దగ్గరికి రెగ్యులర్‌గా వచ్చే ఒక ఫిజియోథెరపిస్ట్ మేడమ్ ఉండేది, ఆవిడే చూసి నాలుగు చీవాట్లు పెట్టింది. వేలుతో కాదు, బరువుతో చెయ్యాలి అని. నిజానికి కేరళలో మా మేడమ్ కూడా మొదటివారంలోనే చెప్పింది, ఇరవై ఏళ్ళ వయసులో ఎవరు వింటారు. టేబుల్ ఎత్తు ఎలా చూడాలంటే, పక్కన నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలేసి పిడికిలి బిగిస్తే వేళ్ళ కణుపులు టేబుల్‌కి తగలాలి. అంతకంటే ఎత్తుంటే భుజాలతో నెడతాం, కిందికుంటే నడుం విరుగుతుంది. ఒక కాలు ముందుకి ఒకటి వెనక్కి వేసి, చెయ్యి పెట్టి, ఇక ముందుకి వాలడమే, నొక్కడం అంటూ ఉండదు. వీపు లాంటి పెద్ద కండలకి ముంజెయ్యి, మోచెయ్యి వాడాలి, బొటనవేలు పెట్టాల్సిన చోట ఒకదాని మీద ఒకటి పెట్టి ఆసరా ఇవ్వాలి, అదీ కొన్ని సెకన్లే. గోడకి వాలి నిలబడే మనిషికి చేతులు నొప్పి పుట్టవు కదా, అలా అన్నమాట. ఆ ఏడాది నేను రెండు నెలలు సెలవు పెట్టి ఊరెళ్ళిపోయాను, జీతం లేదు. తిరిగొచ్చాక స్పా మానేసి ఒక ఆయుర్వేద హాస్పిటల్‌లో మూడేళ్ళు, తర్వాత 2018 నుంచి సొంతం.

సొంతం అంటే ఏమీ లేదు, మడత టేబుల్ ఒకటి, పదిహేను కిలోలు, ఒక స్కూటీ, ఒక బ్యాగు. బ్యాగులో ధన్వంతరం, క్షీరబల, కొట్టంచుక్కాది అనే ఆయుర్వేద తైలాలు, మామూలు నువ్వుల నూనె, రాస్నాది చూర్ణం, దుప్పట్లు, టవళ్ళు. కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్, బాచుపల్లి, అంత దూరమే వెళ్తా. గంటకి వెయ్యి తీసుకుంటా, నలభై రోజుల బాలింత ప్యాకేజీకి తగ్గిస్తా. బాగున్న నెలలో ఖర్చులు పోను నలభై వేల పైన మిగులుతుంది, సంక్రాంతి నెలలో హైదరాబాద్ మొత్తం ఊళ్ళకి పోతుంది కాబట్టి ఇరవై కూడా రాదు. తొలి కాన్పు పుట్టింట్లోనే కాబట్టి ఏడో నెల వచ్చేసరికి మంచి క్లయింట్ కాస్తా భీమవరమో నల్గొండో వెళ్ళిపోతుంది, ఈ మధ్య అమ్మలే ఇక్కడికి వచ్చి ఉంటున్నారు, నాకు బతుకు దొరికింది.

ఫోన్ నంబర్ గురించి కూడా చెప్పాలి. మొదట్లో ఒక యాప్‌లో పెట్టాను, రాత్రి పదకొండుకి మగ గొంతులు, "ఫుల్ బాడీయా మేడమ్", "ఎక్స్‌ట్రా ఏమైనా". తీసేశా. ఇప్పుడు నంబర్ తెలిసినవాళ్ళ ద్వారానే వెళ్తుంది, ఫోన్‌లో ముందు ఆడమనిషి మాట్లాడాలి, మొదటిసారి పగటిపూటే, మా ఆయనకి లొకేషన్ షేర్ చేసి వెళ్తా. భయపడి కాదు, ఇది కూడా గోళ్ళు కత్తిరించుకోవడం లాంటిదే.

ఇక అసలు విద్య. ఏ కోర్సులోనూ చెప్పనిది నాకు మన తెలుగే నేర్పింది. మనవాళ్ళు ప్రతిదాన్నీ నరం అంటారు, మెడ నరం పట్టేసింది, పిక్క నరం లాగేసింది, అది నరం కాదు కండరం అని నేను వాదించను, కానీ ఆ పక్క మాట ఏం వాడారో జాగ్రత్తగా వింటా. "పట్టేసింది" అంటే బిగుసుకుపోయింది, రాత్రి వంకరగా పడుకునుంటారు లేదా రోజంతా లాప్‌టాప్ ముందు మెడ ముందుకి పెట్టి కూర్చునుంటారు, అది నా పని. "పీకుతున్నాయి" అంటే ఎక్కువసేపు నిలబడ్డ కాళ్ళు, టీచర్లు, షాపుల్లో చేసేవాళ్ళు, అదీ నా పనే. "కలుక్కుమంది" అంటే వంగి ఏదో ఎత్తారు, ఎప్పుడైంది అని అడుగుతా, నిన్నే అయితే ముట్టుకోను, రెండు మూడు రోజులు ఆగమంటా. "సలుపుతోంది" అంటే లోపల ఏదో వాపో చీమో ఉండొచ్చు, ముందు చూడాలి. "గుంజుతుందక్కా" అని తెలంగాణ వాళ్ళు అంటారు, ఎక్కడ మొదలై ఎక్కడిదాకా గుంజుతోందో వేలు పెట్టి చూపించమంటా. నడుం దగ్గర మొదలై పిర్ర మీదుగా కాలి వేళ్ళదాకా చూపించారా, "జివ్వుమంటోంది" అన్నారా, తిమ్మిరి, పాదం పైకి లేవట్లేదు అన్నారా, నేను టేబుల్ కూడా విప్పను, ఆర్థో దగ్గరికో న్యూరో దగ్గరికో వెళ్ళి ఆ కాగితం చూపించాకే. డబ్బులు పోతాయి, పోనీ.

ఒకసారి అలాగే జరిగింది. పేర్లు ఊళ్ళూ వద్దు. పెద్దాపరేషన్ అయి మూడు వారాలైన అమ్మాయి, వాళ్ళ అమ్మగారు ఫోన్ చేసి పిల్ల కాలు పీకుతోందంటోంది, వాపు కూడా ఉంది, గట్టిగా పట్టాలి అన్నారు. వెళ్ళా. నైటీ కొంచెం పైకి జరిపి రెండు పిక్కలూ పక్కపక్కన చూశా. ఎడమది మామూలుగా ఉంది, కుడిది లావుగా, ఎర్రగా, నున్నగా మెరుస్తోంది. చేతి వెనక వైపు ఆనించి చూస్తే ఆ ఒక్క కాలే వేడి. కాన్పయ్యాక రక్తం తొందరగా గడ్డకట్టే రోజులవి, పైగా ఆపరేషన్ అయి మంచం మీదే ఉంది, లోపల నాళంలో గడ్డ ఉంటే నేను పిసికితే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. నూనె సీసా మూత తీసి ఉంది, మళ్ళీ పెట్టేశా. నేను చెయ్యనండి, ఇప్పుడే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి, పొద్దున దాకా ఆగొద్దు అన్నా. వాళ్ళ అమ్మగారికి కోపం వచ్చింది, ఇంతదూరం పిలిపించి మాటలు చెప్తున్నావా, మా ఊళ్ళో అయితే చాకలామె పట్టేసి పోయేది అన్నారు. అల్లుడు గారు మాత్రం నా మొహం చూసి కారు తాళాలు తీసుకున్నాడు. రాత్రి స్కాన్‌లో గడ్డ ఉందని తేలింది, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. వారం తర్వాత ఆ అమ్మగారు ఫోన్ చేసి, థాంక్స్ అనలేదు, "నువ్వు మళ్ళీ ఎప్పుడొస్తావమ్మా" అంది. డాక్టర్ సరే అన్నాకే అన్నా. నాలుగు నెలలు పట్టింది. ఇప్పటికీ ఆవిడ ద్వారా వచ్చినోళ్ళే నాకు పదిమంది దాకా ఉన్నారు.

జ్వరం ఉన్నా, పుండున్నా, విరిగిన ఎముక కొత్తదైనా, నీలం నరాలు ఉబ్బిన చోటైనా అంతే, చెయ్యి పెట్టను. ఆపరేషన్ కుట్లు మానేదాకా పొట్ట జోలికి వెళ్ళను, "పొట్ట లోపలికి పోవాలి గట్టిగా కట్టి పట్టు" అని ఎంతమంది అత్తగార్లు అడిగినా సరే.

మసాజ్ చేస్తే టాక్సిన్లు బయటికి పోతాయి అని స్పా మెనూల్లో రాస్తారు చూశారా, అది నేను ఎవరికీ చెప్పను. ఒంట్లో చెత్త తియ్యడానికి లివరూ కిడ్నీలూ ఉన్నాయి, నా చేతులు కాదు. బరువు తగ్గుతారని కూడా చెప్పను. నిద్ర బాగా పడుతుంది, బిగుసుకున్న మెడ కొన్ని రోజులు తిరుగుతుంది, అది నా కళ్ళ ముందే రోజూ చూస్తున్నా, అంతవరకే చెప్తా. మళ్ళీ అదే కుర్చీలో అలాగే కూర్చుంటే మళ్ళీ పట్టేస్తుంది, అది కూడా చెప్తా, తర్వాత వాళ్ళిష్టం.

ఆ పిల్ల సర్టిఫికెట్ల గురించి కూడా అడిగింది. స్కిల్ ఇండియా కింద బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ వాళ్ళ స్పా థెరపిస్ట్ కోర్సుంది, హోటళ్ళలో చేరాలంటే పనికొస్తుంది. కేరళ వెళ్ళగలిగితే పంచకర్మ కోర్సు చెయ్యి అన్నా, ఏడాది పోతుంది కానీ చెయ్యి కుదురుతుంది. అది కాక, ఓపికా డబ్బూ ఉంటే ఫిజియోథెరపీ డిగ్రీ, నాలుగైదేళ్ళు, అది వేరే లెవెల్. మాకంటూ లైసెన్స్ ఇచ్చే కౌన్సిల్ ఇక్కడ లేదు, అదే మాకు పెద్ద లోటు, ఎవడైనా రేపు బోర్డు పెట్టేయొచ్చు, వాడు చేసిన వెధవపనికి మేమందరం హాస్టల్ ఖాళీ చెయ్యాలి. జపాన్‌లో దీనికి మూడేళ్ళు చదివి నేషనల్ ఎగ్జామ్ రాయాలి, అక్కడ చూపులేనివాళ్ళు కొన్ని వందల ఏళ్ళుగా ఈ వృత్తిలో ఉన్నారు. కెనడాలో ఒంటారియోలో అయితే రిజిస్టర్డ్ మసాజ్ థెరపిస్ట్ అని, కాలేజ్ అనే లైసెన్స్ సంస్థలో రిజిస్ట్రేషన్ ఉంటుంది, చాలామందికి ఆఫీసు ఇన్సూరెన్స్ కూడా కడుతుంది. నా క్లయింట్ ఒకావిడ చెల్లెలు బ్రాంప్టన్‌లో అదే చదువుతోంది, మన గుంటూరు అమ్మాయే. వీడియో కాల్‌లో నన్ను కండరాల పేర్లు అడిగింది, సగం నాకు రాలేదు, కానీ నొప్పి ఎక్కడుందంటే నేను చూపించా, అది పేరు చెప్పింది.

మా ఆయన ఎలక్ట్రీషియన్. పెళ్ళిచూపుల్లో నేనే చెప్పేశా నా పని ఇదీ అని, వాళ్ళ వైపు పెద్దాయన ఒకాయన "అంటే మంగలి పనా" అన్నాడు. అందులో తిట్టేముందో నాకిప్పటికీ అర్థం కాదు, మన ఊళ్ళలో తల మాలీషు చేసి, మెడ తిప్పి, ఒకప్పుడు పుళ్ళకి మందు కూడా వేసింది వాళ్ళే. తర్వాత ఎక్కడో చదివా, షేక్ దీన్ మహమ్మద్ అని పాట్నాలో 1759లో పుట్టినాయన ఇంగ్లండ్ వెళ్ళి, 1814లో బ్రైటన్‌లో ఆవిరి స్నానాలు, మాలీషు పెట్టాడంట. మనవాళ్ళ చంపీయే అక్కడ షాంపూ అయింది, ఆయన్ని ఏకంగా నాలుగో జార్జి రాజుకి షాంపూయింగ్ సర్జన్‌గా పెట్టుకున్నారంట. ఆ పెద్దాయన ఈసారి కనిపిస్తే చెప్దామనుకున్నా. మొన్న సంక్రాంతికి కనిపించాడు, మోకాళ్ళు నొప్పులమ్మా ఒక్కసారి చూడు అన్నాడు. మగవాళ్ళకి చెయ్యనండి అని చెప్పా, నాకు చాలా హాయిగా అనిపించింది, అబద్ధం ఎందుకు.

సరే ఆ పిల్ల దగ్గరికి వస్తే. అంతా విన్నాక "నేను చేస్తా అక్కా" అంది. సరే ముందు నా వీపు మీద చెయ్యి అని టేబుల్ విప్పి బోర్లా పడుకున్నా. నూనె ఎక్కువ పోసుకుంది, నడుం మీద నుంచి కారి దుప్పటి పాడైంది. తర్వాత రెండు బొటనవేళ్ళూ పెట్టి, చపాతీ పిండి నొక్కినట్టు నొక్కడం మొదలుపెట్టింది, బలం బాగానే ఉంది పిల్లకి. వేళ్ళు తీసెయ్, మోచెయ్యి పెట్టు, నొక్కకు, వాలు అన్నా. వాలింది, మొత్తం బరువు ఒకేసారి వేసింది, నాకు ఊపిరాడలేదు. ఇద్దరం నవ్వాం. మళ్ళీ చేసింది, ఈసారి కుడి భుజం కింద, నాకు ఎప్పుడూ పట్టేసే చోటు ఒకటుంది, దాని మీదికి వచ్చి ఆగింది. నేను చెప్పలేదు.

"ఇక్కడ గట్టిగ ఉందేందక్కా" అంది.

రెండు రోజులు నా వీపు నొప్పెట్టింది. షాపుకి సెలవు ఏ వారం అని అడిగా, మంగళవారం అంది. గోళ్ళు కత్తిరించుకుని రమ్మన్నా.